బుడగల కార్జం పూడ్చమన్న మనిషి

మా పశువుల కాంపౌండరు బాబాయి మొన్న మంగళవారం పొద్దున్నే పోయాడు. ఆయన చిన్నకొడుకు బడికొచ్చి చెప్పాడు. ఆ పూట నేను పాఠం చెప్పలేకపోయాను.

మాకు చుట్టమేమీ కాదు. మాచవరం చుట్టుపక్కల పల్లెలన్నీ బాబాయి అనే పిలిచేవి. జేబులో ఎర్ర సబ్బుముక్క లేనిదే ఇల్లు కదలడు. చెయ్యి కడుక్కోకుండా టీ గ్లాసు కూడా ముట్టడు. "గొడ్డుకి మందు తాగించొచ్చురా, మనిషికే కష్టం" అనేవాడు. ఆ మాట నన్ను చూసే అన్నాడేమో.

ఆదివారం ప్రార్థన అయ్యాక నాలుగిళ్ళవాళ్ళం కలిసి పొట్టేలును కోసి పోగులు వేసుకునేవాళ్ళం. బడిపంతులునే అయినా కత్తి నాదే. కార్జంలో నీటిబుడగలుంటే ఆ ముక్క ఎవరి పోగులోనూ వెయ్యం. మా కుక్కకు విసిరేవాణ్ణి.

"ఒరేయ్ పంతులూ, కుక్కకెయ్యమాకరా! గుంట తీసి పూడ్చు" అని అరిచేవాడు బాబాయి.

"మూగజీవం తింటే ఏంది బాబాయ్?"

"ఆ బుడగలో ఉండేది బద్దెపురుగు పిల్లరా. కుక్క పేగుల్లో పెరిగి గుడ్లు పెడతది. కుక్కని నిమిరిన చేత్తో అన్నం తిన్నావంటే మనిషి కార్జంలోనూ ఇదే బుడగ."

ఊఁ కొట్టేవాణ్ణి. ఆయన సైకిలెక్కగానే విసిరేవాణ్ణి. చదువుకున్న మూర్ఖుణ్ణి గదా!

పెళ్ళయిన ఐదేళ్ళకు నా భార్యకు కుడి డొక్క కింద గడ్డ లేచింది. ఆ కుక్కకు రోజూ ముద్ద పెట్టేది ఆమే. అందరూ కడుపులో బల్ల పెరిగిందన్నారు. పొరుగూరి వైద్యుడొకాయన సూది గుచ్చి నీళ్ళు లాగేస్తే సరి అన్నాడు. నేను తలూపాను. సూది కాగుతుండగా బాబాయి వచ్చిపడ్డాడు.

"గుచ్చారో, పిల్ల దక్కదు! అది లోపల పగిలితే ప్రాణాలు పోతయ్."

"గొడ్ల కాంపౌండరువి, మనుషుల సంగతి నీకేంది?" అన్నాడు వైద్యుడు.

"మనిషి కార్జం బంగారంతో చేశారా ఏంది? గొర్రెల్లో ఇట్టాంటివి చానా చూశా."

ఆ రోజే మమ్మల్ని గుంటూరు బస్సెక్కించి, తనూ ఎక్కాడు. పెద్దాసుపత్రిలో ఆమె కార్జంలోంచి కొబ్బరికాయంత నీటితిత్తిని పగలకుండా తీశారు. సూది పడి ఉంటే మనిషి మిగిలేది కాదని డాక్టరు కూడా అన్నాడు. వరండాలో బాబాయి చేతులు పట్టుకుని, "ఈ రోగం పెట్టింది నేనే" అని ఏడ్చాను.

"తెలవక చేశావని అననురా, నేను చెప్తానే ఉన్నా. ఇంక చెయ్యమాక. లేచి ఆ పిల్లకి జావ పట్టుకురా."

ఆయన రుణం నేను తీర్చుకోలేదు. తీరేది కూడా కాదు.

మంగళవారం సాయంత్రమే మట్టి చేశారు. నా భార్యకిప్పుడు ఏడో నెల. మా అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"కడుపుతో ఉన్నదానివి, శవం దగ్గరికి పోగూడదే."

"ఆయన లేకపోతే నేనే లేను గదత్తా, ఇంక కడుపెక్కడిది?"

అమ్మ పక్కకు జరిగింది. నా భార్య నాకంటే ముందు నడిచింది. గుంట అంచున కూర్చోలేక, నిలబడే వంగి, రెండు చేతులతో మట్టి వేసింది.