ఒక్కసారీ ఇల్లు మారని వదినగారు

మా వదినగారు పోయారు. నిడదవోలు నుంచి అన్నయ్యగారు ఫోన్ చేసి, "అమ్మా, మీ వదిన లేదమ్మా," అని మాత్రం చెప్పి పెట్టేశారు. పొద్దున్నే గుమ్మంలో కూర్చుని పూలు కడుతూ అలాగే పక్కకి ఒరిగిపోయారట. నేనప్పుడు రాజమండ్రిలో పిల్లలకి బాక్సులు కడుతున్నాను. నిజం చెప్పాలంటే నాకు మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం. నాలుగు రోజుల కిందట నాతో పోట్లాడి, మాట మధ్యలో ఫోన్ పెట్టేసిన మనిషి, ఆ పోట్లాట తేల్చకుండా వెళ్ళిపోవడమేమిటి?

ఆవిడ మావారి అక్కగారు, అన్నయ్యగారు ఆవిడ భర్త. మావారు ఆర్మీలో హవల్దార్. పెళ్ళైన పదహారేళ్ళలో ఏడుసార్లు ఇల్లు మారాం. ఆయన్ని సరిహద్దుకి వేస్తే నేనూ పిల్లలూ రాజమండ్రి వచ్చి అద్దెకుంటాం. కుటుంబాన్ని రానిచ్చే ఊరికి వేస్తే మళ్ళీ పెట్టేబేడా సర్దుకుని క్వార్టర్‌కి పోతాం. ఈసారి మీరట్ వచ్చింది. పెద్దపిల్ల పదో తరగతిలోకి వస్తోంది, నాకా ఓపిక అయిపోయింది. "మీరొక్కరే వెళ్ళండి, క్వార్టర్ అక్కర్లేదని రాసిచ్చేయండి," అని మావారితో తెగేసి చెప్పాను. నెలాఖరులోగా ఆయన ఆ కాగితం ఇవ్వాలి. ఇచ్చారంటే ఇంకో మూడేళ్ళు ఆయనక్కడ, మేమిక్కడ. పోట్లాట దీని గురించే.

పోస్టింగ్ సంగతి నాకంటే ముందు ఆవిడకెలా తెలిసేదో దేవుడికే తెలియాలి. మర్నాడు పొద్దున్న పాసింజర్‌లో దిగిపోయేవారు, చేతిసంచిలో దబ్బనం, పురికొస ఉండ పెట్టుకుని. కాళ్ళు కడుక్కోకుండానే నేను సర్దిన పెట్టె మూత ఎత్తేవారు. "ఏంటమ్మాయ్ ఇది, సర్దడమా, కుక్కడమా?" అని అన్నీ బయటికి లాగి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేవారు. రెండు రోజుల నా కష్టం అరగంటలో నేల మీదికొచ్చేది. గాజు గ్లాసులు చీరల మధ్య పెట్టాలి. పాత చీపురు కొత్తింటికి రాకూడదు. ఆవకాయ జాడీని బియ్యం బస్తాలో దింపి చుట్టూ బియ్యం పోయాలి. ఒకసారి ఆ జాడీ కాస్తా రైల్లో పగిలింది. నెల్లాళ్ళు ఎర్రన్నం తిన్నాం. ఫోన్ చేసి చెడామడా అంటే, "పోన్లే, కలుపుకునే పని తప్పింది కదా," అన్నారు.

అన్నిటికంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది ఏమిటంటే, ఇన్ని చెప్పే మనిషి జీవితంలో ఒక్కసారి కూడా ఇల్లు మారలేదు. అన్నయ్యగారు కూడా ఆర్మీలోనే చేసి రిటైరయ్యారు. ఆయన ఊళ్ళన్నీ తిరిగారు, ఆవిడ మాత్రం కాపురానికొచ్చిన ఇంట్లోనే ఉండిపోయారు. ఈతరాని మనిషి గట్టు మీద నిలబడి చెయ్యి ఇలా ఆడించు, కాలు అలా ఆడించు అన్నట్టుండేది నాకు.

ఇక ప్రస్థానం. సైన్యానికి వర్జ్యాలు, మూఢాలు పట్టవు, ఫలానా తేదీకి చేరమంటే చేరాల్సిందే. ఆ తేదీ మంచిది కాకపోతే, దానికి ముందొచ్చే మంచిరోజున ఓ సంచిలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, ఓ కొత్తబట్ట పెట్టి పక్కింట్లో ఉంచేస్తారు. దాంతో ప్రయాణం ఆ రోజే మొదలైపోయినట్టు లెక్క. తర్వాత ఎప్పుడు బయల్దేరినా దోషం లేదు. వెళ్ళేటప్పుడు సంచి తీసుకుపోతే సరి. వదినగారు మా ప్రతి ప్రయాణానికీ ఇది పెట్టించాల్సిందే. నాకివన్నీ చాదస్తాలు. వద్దంటే, "మీ రైలు టైముకే ఎక్కు తల్లీ, నేనేమన్నా ఆపుతున్నానా?" అనేవారు.

జబల్‌పూర్ వెళ్ళేటప్పుడు ఏం చేశారో వినండి. ప్రస్థానంలో ముఖ్యమైనవి ఉంటే మంచిదని ఎవరో అన్నారట. నాకు చెప్పకుండా పిల్లల టీసీలున్న ఫైలు ఆ సంచిలో పెట్టేశారు. తీరా బయల్దేరే రోజు పొద్దున్న చూస్తే పక్కింటికి తాళం. వాళ్ళు సకుటుంబంగా అన్నవరం వ్రతానికి వెళ్ళారు. ఫోన్ చేస్తే, "సాయంత్రానికి వచ్చేస్తామండి, ప్రసాదం తెస్తాం," అన్నారు. మా రైలు మధ్యాహ్నం! టీసీలు లేకుండానే వెళ్ళాం. స్కూల్లో పిల్లల్ని గుమ్మం ఎక్కనివ్వలేదు. రోజూ ఫోన్లో ఆవిడ మీద అరిచాను.

ఆరో రోజు పొద్దున్న తలుపు తీస్తే ఎదురుగా వదినగారు. హిందీ ముక్క రాదు, రాజమండ్రి తప్ప ఒంటరిగా విజయవాడ కూడా వెళ్ళిన మనిషి కాదు. రెండు రైళ్ళు మారి, సంచి ఒళ్ళోంచి దించకుండా వచ్చారు. "పోస్టులో పంపితే సరిపోయేది కదండీ!" అన్నాను. "ప్రస్థానం పోస్టులో వస్తుందా?" అని లోపలికి నడిచారు. ఆ రెండు గదుల క్వార్టర్‌లో ప్రతి తలుపూ తీసి చూశారు. వంటింట్లో కుళాయి తిప్పి, కట్టి, మళ్ళీ తిప్పారు. వెనక వసారాలో చాలాసేపు నిలబడి, "ఎదురిల్లు కూడా మిలిటరీవాళ్ళదేనా?" అని అడిగారు. ఇన్స్పెక్షనుకి వచ్చినట్టు ఈ తనిఖీ ఏమిటని నేను లోపల పళ్ళు నూరుకున్నాను.

ఇదీ మా సంబంధం. ఇలాంటి మనిషి మొన్న ఫోన్ చేసి, "వాడొక్కణ్ణీ పంపకమ్మాయ్. సర్దడానికి కూర్చుంటే సామాను కొండంత కనపడుద్ది. వెళ్ళాలనుకో, అదే తగ్గుద్ది," అన్నారు. పదో తరగతి అన్నాను, నడుంనొప్పి అన్నాను. ఆవిడ వదల్లేదు. అప్పుడన్నాను, "అసలు మీరు ఒక్కసారైనా ఇల్లు మారారా వదినగారూ? ఆ పాట్లేంటో మీకేం తెలుసు?" అని. ఆవిడ ఫోన్ పెట్టేశారు. రేపో ఎల్లుండో తనే చేస్తారులే అనుకున్నాను. ఎప్పుడూ అలాగే చేసేవారు మరి.

పెద్దకర్మ అయ్యాక మావారు డ్యూటీకి, చుట్టాలంతా ఇళ్ళకి వెళ్ళిపోయారు. నేను వంటిల్లు సర్దిపెట్టి వెళ్దామని ఆగాను. అన్నయ్యగారు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, నేనడక్కుండానే మొదలుపెట్టారు.

"నాకు అంబాలాలో క్వార్టర్ ఇచ్చారమ్మా. పెళ్ళైన రెండో ఏడు. బయల్దేరి రమ్మని ఉత్తరం రాశాను. మూఢం, గడప దాటడానికి లేదంది మా అమ్మ. మూఢం పోయింది, ఆషాఢం వచ్చింది. శ్రావణంలో పంపిస్తామన్నారు, టికెట్టు కూడా తీశాం. ఈలోగా మా యూనిట్‌ని సరిహద్దుకి పంపేశారు. తర్వాత అమ్మ మంచాన పడింది. ఇంక మీ వదినకి కుదరనే లేదు."

నేను చేతిలో గిన్నె కింద పెట్టి ఆయన దగ్గరికి వచ్చి కూర్చున్నాను.

"ఈ ప్రస్థానం సంగతి మాకెవరికీ తెలీదమ్మా. చాలా ఏళ్ళకి అన్నవరంలో ఒక పంతులుగారు ఎవరికో చెప్తుంటే విందంట. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. 'ఒక్క సంచి పక్కింట్లో పెట్టుంటే సరిపోయేదంటండీ,' అంది. అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు."

నేను వీధి అరుగు మీదికొచ్చి మావారికి ఫోన్ చేశాను. "ఆ కాగితం ఇవ్వకండి. మేం ముగ్గురం వస్తున్నాం," అన్నాను. "మరి పెద్దదాని పదో తరగతి?" అన్నారు. "మీరట్‌లో పదో తరగతి చెప్పరా ఏంటి?" అని కసిరాను. ఆ కసురు ఆయన మీద కాదని ఆయనకీ తెలుసు. వదినగారి మీద అంతకంటే కాదు. ఒక్కసారైనా మారారా అని అడిగిన నా నోటి మీద. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి ఇప్పుడు ఫోన్ చేద్దామన్నా ఎత్తే మనిషి లేదు.

లోపలికి వచ్చేసరికి అన్నయ్యగారు స్టూలెక్కి అటక మీంచి ఒక కాగితం పొట్లం దించుతున్నారు. విప్పితే రెండు స్టీలు కంచాలు, రెండు గ్లాసులు. అప్పట్లో క్వార్టర్ కోసమని అంబాలా బజార్లో కొన్నారట. ఒక్కసారి కూడా అన్నం వడ్డించినట్టు లేదు, అంత కొత్తగా ఉన్నాయి. "తీసుకెళ్ళమ్మా. అక్కడ వాడుకోండి," అని తువ్వాలుతో ఒక కంచం తుడిచి నా చేతిలో పెట్టారు. అంచు మీద చుక్కలు చుక్కలుగా ఆవిడ పేరు, దాని పక్కన అంబాలా అని ఊరి పేరు కొట్టించి ఉన్నాయి. అక్కడ తెలుగు కొట్టేవాళ్ళు దొరక్క హిందీలో కొట్టించారట.

"మీ వదినకి హిందీ రాదు కదా. ఎన్నిసార్లు అడిగేదో, ఇందులో నా పేరెక్కడుందండీ అని," అంటూ ఆయన కంచం అంచు మీద వేలు పెట్టారు. "ఇదిగో, ఇక్కణ్ణుంచి ఇక్కడి దాకా."

నాకు హిందీ బాగానే వచ్చు. అయినా ఆయన ఒక్కో అక్షరం మీదా వేలు జరుపుతూ చదివి వినిపిస్తుంటే, రానట్టే విన్నాను.