బోధన్ చెరకు మీద గాలిమోటర్

1986 ఆగస్టులో నేను బోధన్‌లో వ్యవసాయాధికారిని. ఆకుల రసం పీల్చే పురుగు ఊళ్లకు ఊళ్ల చెరకును కమ్మింది. మనిషి కన్నా ఎత్తు పెరిగిన తోటలోకి పంపుతో వెళ్లలేం కాబట్టి చిన్న విమానంతో మందు చల్లించాలని నిర్ణయమైంది. నేల మీది ఏర్పాట్లు నావి.

పైలట్ కెప్టెన్ డేవిడ్ నిజామాబాద్ మెథడిస్టు కుటుంబంవాడు. హిమాలయాల్లో రన్‌వేలు లేని రోజుల్లో ఏటి గులకరాళ్ల మీద విమానం దించి బియ్యం, టపా చేరవేసిన తొలితరం మనిషి. ఒకచోట నిలవలేడు. టీ కూడా విమానం చుట్టూ తిరుగుతూనే తాగేవాడు. "ఎండెక్కితే గాలి లేస్తది మేడమ్, మందు పక్కూరికి పోతది. జల్ది కానియ్యండ్రి" అని తొందరపెట్టేవాడు.

పద్ధతి ఇది. తోటకు రెండు కొసలా ఇద్దరు మనుషులు తెల్ల జెండాలు పట్టుకుని నిలబడతారు. పైలట్ ఒక జెండా నుంచి ఇంకో జెండాకు సూటిగా ఎగురుతూ మందు వదులుతాడు. విమానం దాటగానే వాళ్లు మందు పడిన మేర వదిలి పక్కకు జరుగుతారు.

రెండో రోజు ఉదయం విమానం చెరకు వదిలి పక్క వరిమడి వైపు తిరిగింది. అక్కడ ఆడవాళ్లు వంగి నాట్లు వేస్తున్నారు. మడికి రెండు కొసలా కర్రల మీద తెల్లగుడ్డలు ఎగురుతున్నాయి. నేను గట్టు మీద పరుగెత్తాను. విమానం పైన ఒక చుట్టు తిరిగి, కిందికి దిగి, వాళ్ల తలల మీదుగా పోయింది. చుక్క పడలేదు.

నాట్ల గుంపుకు పెద్ద అయిన లసుమవ్వ నా మీద విరుచుకుపడింది. "రావద్దనే గద గుడ్డలు గట్టినం! గొడ్లు గూడ సూశి మర్లిపోతయి. మీ గాలిమోటరోనికి గంత తెల్వదా?"

ఆ ఊళ్లో గుడ్డ కట్టిన చేనులో అడుగు పెట్టరు. మా పద్ధతిలో అదే గుడ్డకు మందు చల్లమని అర్థం.

దిగాక డేవిడ్‌ను అడిగాను, ఎందుకు వదల్లేదని.

"మన జెండా నడుస్తది మేడమ్. గది నడువలే. దగ్గరికి పోయి చూస్తే పట్టుకున్న మనిషే లేడు. నేను తిరిగిన హిమాలయాలల్ల మొక్కులకు గుడ్డలు కడ్తరు. గవే విమానం దిగే జాగకు గుర్తులనుకొని దిగిన నా దోస్తు మళ్ల లేవలే."

సగం తోట మిగిలింది, గాలి లేవకముందే కొట్టించమని చెరకు రైతు పట్టుబట్టాడు. పీకిన నారు ఎండుతుంది, మడి వదిలేది లేదంది లసుమవ్వ. పక్క మడిలో మనుషులుండగా మందు వద్దని ఆ రోజుకు విమానం ఆపించాను. రైతు నా మీద పైకి ఫిర్యాదు పంపాడు, నేను సంజాయిషీ రాసి ఇచ్చాను. మిగిలిన తోటకు మర్నాడు మందు పడింది.

ఊరికి కొత్త గుర్తు తెచ్చే ముందు, అక్కడ దానికి అప్పటికే ఉన్న అర్థం అడగాలి. ఆపైన పనిచేసినన్నాళ్లూ ముందు అది అడిగాకే జెండా ఎత్తించాను.