ఊపిరితిత్తుల పాఠం

అద్దంకి దగ్గర మా బడిలో పనిచేసిన సైన్సు మేడమ్ నెట్‌లో చూసిన ఏ ప్రయోగాన్నయినా ముందు ఇంట్లో చేసి చూసుకునేవారు. "పిల్లల ముందు బెడిసికొడితేనో?" అని తోటి టీచరునైన నాతో అంటూ కంగారుపడేవారు.

ఒకరోజు సీసాలో బుడగ అమర్చి, ఊపిరితిత్తులు ఎలా పనిచేస్తాయో చూపించారు. అంతా సవ్యంగానే జరిగింది. అంతలో ఒక పిల్ల లేచింది.

"కల్లంలో మిరపకాయల ఘాటుకి మా అమ్మ రోజూ దగ్గుద్ది మేడమ్. ఆమె బుడగ పగిలిపోద్దా?"

"పగలదమ్మా" అన్నారు మేడమ్.

సాయంత్రం మేడమూ నేనూ ఆ కల్లానికి వెళ్లి, ఆ తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు మందులు రాసి, ఇక మిరపకాయల పనికి పోవద్దన్నాడు.

"పోకపోతే ఇల్లెట్టా గడిచిద్ది మేడమ్?" అందామె.

ఏ పాఠానికైనా ముందే సిద్ధపడి వచ్చే మేడమ్, ఆమె చెయ్యి పట్టుకుని అలాగే నిలబడిపోయారు.