అబ్దుర్రాదీ పంపు బెల్టు

మా బావ అబ్దుర్రాదీకి కాలు ఒకచోట నిలవదు. టీ గ్లాసు సగంలో వదిలేసి కాలువలో నీళ్లున్నాయో లేదో చూడ్డానికి పరిగెడతాడు. తిరిగొచ్చేసరికి నీళ్లు కాలువలోనే ఉంటాయి, టీ మాత్రం చల్లారిపోయి ఉంటుంది. "ఈయన్ని కట్టేయడానికి గాడిద పలుపు కూడా చాలదు" అంటుంది మా అక్క నాజిహా.

అలాంటివాడిని పట్టుకుని, ఊరంతటికీ ఓపిక నేర్పమన్నారు.

వ్యవసాయ శిక్షణ కోసం మిన్యా పట్నం నుంచి వఫియ్యా అనే ఇంజినీరమ్మ వస్తుంది. ఫోన్లకి రాతలో కబురు పంపితే మావాళ్లు చదవరు. పట్నం గొంతుతో పంపితే సబ్బులమ్మేవాళ్లనుకుని పెట్టేస్తారు. అందుకని ఊరివాడి గొంతే కావాలంది. మసీదు మైకు పాడైన నెలరోజులూ ఊరు మొత్తానికి వినిపించింది మా బావ గొంతే. ఆవిడ రాసిచ్చింది అతను చదివేవాడు, ఆ గొంతు పట్టి ఆవిడ అందరి ఫోన్లకీ పంపేది: విత్తనం తగ్గించి బోదెల మీద వేయండి, ఎరువు మూడుసార్లుగా పంచి వేయండి. ఫోను ఎత్తగానే, "సోదరులారా, నేను అబ్దుర్రాదీని" అని మొదలయ్యేది. మా ఊళ్లో ముసలాళ్లు ఆ గొంతుకి బదులు కూడా చెప్పేవారు.

బర్మహాత్ నెలలో గోధుమ గింజ పాలు పోసుకుంటుంది, గాలులూ అప్పుడే మొదలవుతాయి. నేల తడిగా ఉండి, వెన్ను బరువెక్కిన పైరుకి గాలి తగిలితే వేళ్లు పట్టు వదిలి చేను పడుకుంటుంది. ఇది అందరికీ తెలిసిందే. కానీ మా కాలువకి ఐదు రోజులు నీళ్లు, పది రోజులు బందు. వచ్చిన వంతు వదులుకోవడమంటే మాకు తండ్రి వాటా పక్కవాడికి రాసిచ్చినట్టే ఉంటుంది.

ఆ గురువారం వంతుకి ఆఖరి రోజు. పొద్దున్నే నా ఆయిలింజను బెల్టు తెగింది. అరువడుగుదామని బావ దగ్గరికి వెళ్లాను. ఆయన పెరట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"బావా, ఓ గంట నీ బెల్టివ్వు."

"నాకు కావాలి."

"దేనికి? గాలొస్తుంది, నీళ్లు పెట్టొద్దని మొన్న చదివి పంపింది నువ్వే కదా?"

"చదివాను. చదవమన్నారు, చదివాను. ఆకాశం చూడు, ఆకు కదుల్తోందా? పది రోజులు ఎండబెడితే గింజ తాలవుతుంది. అప్పుడు మీ అక్క ఏం పిసుకుతుంది, మట్టా?"

ఎకరం కూడా నిండని ఆ ముప్పావు ఫెద్దాను చేనే వాళ్ల ఏడాది రొట్టె. బెల్టు లేకుండానే ఇంటికొచ్చేశాను.

మధ్యాహ్నం ఎవరూ లేని వేళ చూసి ఇంజను వేశాడు. సగం చేను తడిసింది. పక్క మడిలో గడ్డి కోసుకుని గాడిద మీద వస్తున్న మా ఊరి కుర్రాడు మెత్వల్లి, ఇంజను చప్పుడు విని ఆగాడు. సరిగ్గా అప్పుడే బావ జేబులో ఫోను మోగింది. ఓసారి కాలువలో పడినప్పటి నుంచి ఆ ఫోను గుసగుసలు మానేసింది. ఏది మాట్లాడినా కేకే. కంగారులో నొక్కాడు.

"సోదరులారా, నేను అబ్దుర్రాదీని! రేపు పెనుగాలి. వంతు పోయినా సరే, గోధుమకి నీళ్లు పెట్టకండి!"

మెత్వల్లి గాడిద దిగాడు. "మామా, ఎవరో పెద్దమనిషి నీళ్లు పెట్టొద్దంటున్నాడు. కాస్త ఇంజను ఆపు, ఏమంటున్నాడో విందాం."

బావ ఇంజను ఆపేశాడు. మర్నాడు జుమ్మా నమాజు సగంలో ఉండగా మసీదు తలుపులు దబదబా కొట్టుకున్నాయి. బయటికొచ్చేసరికి తడిపిన సగం చాప పరిచినట్టు పడుకుంది. తడపని సగం నిలబడి ఉంది.

అసలు చిక్కు వేరే ఉంది. ఆదివారం శిక్షణ, అదీ బావ పొలంలోనే. ఇరవైమంది రైతులు వస్తారు. శనివారమంతా ఆయన కూర్చుంటే ఒట్టు. రెల్లు పుల్లలు పాతి, పురికొసతో పైరుని లేపి కట్టాడు. ఒక పక్క లేపితే ఇంకో పక్క వాలింది.

"నాకు జ్వరమని చెప్పరా ఖలఫ్," అన్నాడు నాతో. "ఇంక నా మాట ఎవడు వింటాడు? ఫోనెత్తితే నవ్వుతారు."

"జ్వరమున్నవాడివి అలా గంతులేస్తావేంటి?" అంది అక్క గట్టు మీంచి. "ఆ కొస విప్పెయ్. చేనుకి కట్టు కడితే ఎముక అతుకుతుందా?"

ఆదివారం అందరూ వచ్చారు. ఇంజినీరమ్మ చేనంతా చూసింది, బావని మాత్రం చూడలేదు. అంతలో పక్కనే నీళ్లు పెట్టని నా చేను కనబడింది, గింజ నిండుగా, నిటారుగా.

"చూడండి, ఖలఫ్ మాట విన్నాడు."

ఇరవై తలలు నా వైపు తిరిగాయి. నేను గుండెల మీద చెయ్యి వేసుకుని తల వంచాను. బెల్టు తెగిన సంగతి తెలిసినవాడు ఒక్కడే, నా ఎదురుగానే ఉన్నాడు. నా చెవులు వేడెక్కాయి. బావ నన్ను కాసేపు చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని, నిలబడ్డ పైరుకీ పడ్డ పైరుకీ మధ్యకి వెళ్లాడు.

"ఇంజినీరమ్మా, నీ యంత్రం నొక్కు. ఈసారి రాసింది చదవను." ఆవిడ ఫోను ముందుకు పట్టింది. "సోదరులారా, నేను అబ్దుర్రాదీని. నా మాట మీరు విన్నారు, నేను వినలేదు. నా చేను సగం నిలబడింది, సగం పడింది. వచ్చి చూసుకోండి. నవ్వేవాళ్లు నవ్వేసే రండి."

"నవ్వడం గురువారమే అయిపోయింది మామా," అన్నాడు మెత్వల్లి. కానీ వంగి, పడ్డ పైరు మొదట్లో తడిమట్టి వేలితో నొక్కి చూసింది మొదట అతనే. సాయంత్రానికి పక్క ఊరివాళ్లు కూడా వచ్చారు. అక్క టీ కాచి కాచి అలిసిపోయింది.

తర్వాతి వంతు ఆఖరి రోజున మళ్లీ గాలి కబురు వచ్చింది. కాలువ పొడుగునా ఒక్క ఇంజనూ మోగలేదు. నా ఇంజనుకి కొత్త బెల్టు కొన్నాను, అయినా వేయలేదు. బావ ఏం చేస్తున్నాడో చూద్దామని వెళ్లాను. ఆయన తెల్లారగానే తన పంపు బెల్టు తనే ఊడదీసి అక్క చేతికిచ్చాడట, ఏం చేసినా ఇవ్వొద్దని చెప్పి. ఇప్పుడు పిండి పిసుకుతున్న ఆవిడ చుట్టూ తిరుగుతున్నాడు.

"ఊరికే చూసి ఇచ్చేస్తానే."

"లేవను," అంది అక్క. బెల్టు ఆవిడ కింద ఉంది.