మామ ముందు గేరు వేసిన రోజు

పోయిన వారం ఆళ్లగడ్డ నుంచి వచ్చే మధ్యాహ్నం బస్సు నంద్యాలలో మేము ఇప్పుడు కాపురముంటున్న ఇంటి ముందు ఆగింది. అక్కడ స్టాపు లేదు. డ్రైవరు దిగి వాకిట్లోకి వచ్చాడు. "అమ్మా, మీ మామ పోయినాడు. పొద్దున సద్ది తాగి పంచలో కూచున్నాడంట, కూచున్నోడు కూచున్నట్లే పోయినాడు. తిరుగు బస్సుకు తయారుగా ఉండండి, తీసకపోతా" అన్నాడు. ఆ దారిలో బస్సులు తోలేవాళ్లందరికీ మా మామ తెలుసు. ఆయన లారీని ఒక్కసారైనా వెనక నుంచి తొయ్యని డ్రైవరు ఆ రోడ్డు మీద లేడు.

కర్నూలు రాజధాని అయిన ఏడాది కొన్నాడు ఆ లారీని. యుద్ధం ముగిశాక మిలిటరీ వాళ్లు వదిలించుకున్నది, నలుగురి చేతులు మారి నంద్యాల చేరింది. స్టీరింగు ఎడమ పక్క. అన్ని లారీలకూ వెనక చక్రాలే లాగితే, దీనికి ఇంకో కడ్డీ గుంజితే ముందు చక్రాలు కూడా లాగుతాయి. దాన్ని ముందు గేరు అనేవారు. మాది దొర్నిపాడు దిక్కు నల్లరేగడి పల్లె. వాన పడిందంటే ఎద్దుల బండి ఇరుసుదాకా దిగబడుతుంది. ఊరు ఊరంతా ఇళ్లలో కూర్చోవాల్సిందే. అందుకే కొన్నానని మామ చెప్పేవాడు.

కొన్న రోజే తప్పు చేశాడు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా, ఎండిన కంకర రోడ్డు మీద, ముందు గేరు వేసుకునే వచ్చాడు. "నాలుగు చక్రాలకు దుడ్లు పోసి రెండింటితో తోలేదేందప్పా?" అన్నాడంట. ఆళ్లగడ్డ చేరేసరికి ఆ కడ్డీ బిగుసుకుపోయింది. స్టీరింగు తిప్పితే తిరగదు, టైర్లు ఒరుసుకుపోయాయి. మిస్త్రీ వచ్చి, వెనక్కి ముందుకు ఆడించి ఎట్లాగో విడదీసి, "ఇది బురదలో వేసే గేరయ్యా, రోడ్డు మీద వేస్తే ముందు వెనక చక్రాలు కొట్లాడుకుంటాయి" అని తిట్టాడు. ఆ తిట్లన్నీ మామ తానే మాకు చెప్పి నవ్వేవాడు.

నేను కోడలిగా వచ్చింది ఆ మరుసటి ఏడాది. బండి బ్యాటరీ ఎప్పుడూ నీరసంగానే ఉండేది కాబట్టి వాలు చూసి నిలపాలి, దొర్లించి గేరులో వెయ్యాలి. మామ చుట్టరికాలన్నీ వాలును బట్టే నడిచేవి. చదును మీద ఇల్లు కట్టుకున్న వాళ్ల పెళ్లికి పోయేవాడు కాదు. ఒకరోజు నేను మజ్జిగ ఇస్తుంటే, "మీ సంబంధం ఎందుకు ఒప్పుకున్యానో తెలుసునా పాపా? ఆళ్లగడ్డలో మీ ఇల్లు మిట్ట మీద ఉండాది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "అయితే మిట్టనే చేసుకోకపోయినారా, నన్నెందుకు చేసుకున్యారు?" అన్నాను. అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మామ మాత్రం పగలబడి నవ్వాడు. ఆ రోజు నుంచే మా ఇద్దరికీ కుదిరింది.

ఆ బండి తిండి సంగతి ఏం చెప్పమంటారు! పెట్రోలు నీళ్లలా తాగేది. ఎండాకాలం ఆ పెట్రోలు కూడా పంపులో కాగిపోయి, బండి నడి రోడ్డు మీద ఆగిపోయేది. అప్పుడు పంపు మీద తడిగుడ్డ కప్పి కూర్చోవాలి. మా ఇంట్లో ఒక్క తువ్వాలైనా నూనె మరక లేకుండా బతకలేదు. రేడియేటరు బుసకొడితే దారిలో కనబడిన ప్రతి బావి దగ్గరా ఆగడమే. బ్రేకు మూడుసార్లు తొక్కితే నాలుగోసారి పట్టేది. ఆ కొలత టైర్లు దొరికేవి కావు, దొరికితే ఒక టైరు ధరకు మంచి పాడి ఆవు వచ్చేది. వేరుశనగ కాయ అమ్మిన దుడ్లు ఇల్లు చేరకముందే బండి మింగేది. ఎవరైనా దెప్పితే, "అది ఆగితే ఆగనీలే, మనమూ రవ్వంతసేపు ఆగుదాం" అనేవాడు.

స్టీరింగు ఎడమ పక్క కాబట్టి ముందు పోయే బండిని దాటాలంటే కుడి పక్క కూర్చున్న మనిషి తొంగి చూసి చెప్పాలి. ఆ పని అత్తది. ఇంట్లో ఆమె మాట ఒక్కటీ వినని మామ, రోడ్డు మీద ఆమె "ఊఁ, పో" అనేదాకా పిల్లాడిలా కాచుకుని ఉండేవాడు.

చివరికి ఆయనకూ విసుగొచ్చింది. మా ఎద్దుల్లో ఒకటి చచ్చిపోయింది, విత్తనం వేసే కాలం దగ్గర పడింది. నంద్యాల కట్టెల కాంట్రాక్టరు ఒకాయన బండిని మంచి ధరకు అడిగాడు, ఎద్దుల జత వచ్చే ధర. అమ్మేముందు మిస్త్రీ చూసి, "నడిమి గేరు పెట్టెలో పండ్లు అరిగిపోయినాయి. రోడ్డు మీద తోలుకో, ఏం కాదు. బురదలో ముందు గేరు వేసినావా, పగులుతాది" అని మా అందరి ముందే చెప్పాడు. కాంట్రాక్టరుకు ఆ సంగతి చెప్పే ధర కుదుర్చుకున్నాడు మామ. నడిచే బండిని అప్పజెప్పాలి, అంతే.

ఆ వారంలోనే వాన పట్టుకుంది. మా తమ్ముడు మోకాటి లోతు బురదలో ఆళ్లగడ్డ నుంచి నడిచి వచ్చాడు. "అక్కా, అమ్మకు విషజ్వరం. నంద్యాల ఆస్పత్రికి రమ్మంటే రాదు. నిన్ను చూడంది యాడికీ కదలనంటాంది. నీళ్లు గూడా మింగడంల్యా" అన్నాడు. నాకు ఏడో నెల. ఆ బురదలో పది అడుగులు కూడా వెయ్యలేను. పంచలో కూలబడి ఏడ్చాను.

మామ లేచి తాళం చెవి అందుకున్నాడు. నా భర్త అడ్డం వచ్చాడు. "నాయనా, ముందు గేరు వెయ్యకుండా ఊరు దాటలేం. వేస్తే పగులుతాది. నాల్గు దినాల్లో అమ్మేది పెట్టుకోని ఏందిది?"

"నువ్వు పక్కకు జరుగు."

"ఎద్దులు యాడ నుంచి వస్తాయి?"

"వాళ్లమ్మ యాడ నుంచి వస్తాది? జరుగబ్బా. పాపా, బేగా ఎక్కు."

ఊరి చివర ఆయన ఆ కడ్డీ గుంజిన చప్పుడు నాకింకా గుర్తుంది. బండి మూలిగింది, పక్కలకు జారింది, కానీ ఆగలేదు. వాగు దిగి అవతలి గట్టు ఎక్కుతుంటే కింద ఏదో టప్‌మని పగిలింది. ఊపు మీద గట్టెక్కి, రోడ్డు చేరి, అక్కడ చచ్చినట్టు నిలబడిపోయింది. మామ దిగి కిందికి కూడా చూడలేదు. ఆళ్లగడ్డ పోయే బస్సుకు అడ్డం నిలబడి చెయ్యెత్తి, నన్నూ తమ్ముణ్ణీ ఎక్కించాడు. "బండి సంగతి అడగాకు. మీయమ్మను అడిగినానని చెప్పు" అన్నాడు.

నన్ను చూశాకే అమ్మ ఆస్పత్రికి కదిలింది. బతికింది. నా బిడ్డకు ఆమే నీళ్లు పోసింది, ఇప్పటికీ దాన్ని చంకనేసుకుని తిరుగుతోంది. నా తల్లిని నాకు మిగిల్చింది మా మామ. ఈ మాట ఆయన బతికుండగా ఆయనతో అనలేదు. అననిచ్చేవాడు కాదు.

కాంట్రాక్టరు వద్దన్నాడు. బండిని పాత ఇనుము కిందికి బేరం చేశారు. ఆ ఏడాది బాడుగ ఎద్దులతోనే సేద్యం. అమ్మను ఆస్పత్రి నుంచి ఆళ్లగడ్డ ఇంటికి తెచ్చుకున్న వారంలో ఒక పొద్దున వీధిలో పిల్లల కేకలు వినిపించాయి. అమ్మా నేనూ అరుగు మీదికి వచ్చాం. రెండు జతల ఎద్దులు మోకులతో ఆ లారీని నంద్యాలకు ఈడ్చుకుపోతున్నాయి. స్టీరింగు దగ్గర మామ కూర్చుని ఉన్నాడు, తలగుడ్డ చుట్టుకుని, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

మా ఇంటి ముందు ఎద్దులను ఆపించాడు. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. "నా వల్లే గదా అన్నా, నీ బండి ఇట్లాయె."

"దాందేముందిలే చెల్లా. గెంజి తాగుతాండావా లేదా, అది చెప్పు."

"తాగుతాండా."

"అంతే సాలు" అని, ఎద్దుల మనిషికి పొమ్మని సైగ చేశాడు.

బండి కదిలింది. నంద్యాల రోడ్డు మలుపు దగ్గర మామ, తిరుగుతున్నానని వెనక బండ్లకు చూపించేటట్లు, ఎడమ చెయ్యి కిటికీలోంచి బయటికి నిటారుగా చాపాడు. వెనక ఏ బండీ రావడం లేదు. ఎద్దులు మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి అట్లాగే చాచి ఉంది.