పద్మావతి మేడం చూసిన జ్ఞానదంతం

మొన్న ప్రొద్దుటూరులో బట్టల అంగళ్ల వీధి గుండా నడిచిపోతుంటే పుల్లటి వాసన ఒకటి ముక్కుకు తగిలింది. పాత ఫోటో స్టూడియోను ఖాళీ చేస్తున్నారు. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న డబ్బాల్లోని మందునీళ్లను ఒకతను మురుగుకాలువలోకి ఒంపుతున్నాడు. ఫిల్ములు కడిగే మందు వాసన అది. ఇప్పుడు మా ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే బొమ్మ నేరుగా కంప్యూటర్లోకి వచ్చేస్తుంది కాబట్టి ఆ వాసనను నేను మరిచిపోయాననే అనుకున్నాను. మరిచిపోలేదు. ఆటోల హారన్ల మధ్య అక్కడే ఆగిపోయాను. తడి ఫిల్మును రెండు వేళ్లతో అంచున పట్టుకొని, కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తున్న పద్మావతి మేడం కళ్లముందు నిలబడ్డారు.

పళ్ల డాక్టరు చదువు ముగించి నేను మొదట పనిచేసింది ఆమె దగ్గరే. ఆమెది జమ్మలమడుగు, తండ్రి బడిపంతులు. ప్రొద్దుటూరులో ఆసుపత్రి పెట్టి, తల చుట్టూ తిరిగి రెండు దవడలనూ ఒకే ఫిల్ము మీద చూపించే పెద్ద మిషన్ తెప్పించారు. అప్పట్లో చుట్టుపక్కల అలాంటిది మరొకటి లేదు. మైదుకూరు నుంచీ, పులివెందుల నుంచీ కూడా మనుషులు వచ్చేవారు. ఊళ్లు రెండు పార్టీలుగా చీలి కొట్టుకుంటున్న రోజులవి. మా వరండాలో ఒక పార్టీ వాళ్లు బెంచీ మీద కూర్చొని ఉంటే, రెండో పార్టీ వాళ్లు మెట్ల కింద నిలబడేవారు. మేడం అందరినీ ఒకే గొంతుతో లోపలికి పిలిచేవారు. నాకు ఎవరు ఎవరి మనుషులో ఎప్పటికీ అర్థమయ్యేది కాదు. ఆమెకు అర్థమయ్యేది, కానీ ఆ సంగతి ముఖంలో కనపడనిచ్చేవారు కాదు.

ఆమె నాకు నేర్పిన మొదటి పాఠం ఒక బంగారు అంగడి యజమాని భార్య వల్ల వచ్చింది. ఆమెకు పైదవడలో వెనక పన్ను భరించలేనంత నొప్పి. ఫిల్ములో పంటి వేర్ల మీద నల్లని నీడ కనపడింది. చీము పట్టిందనుకొని, పన్ను తీసేయడానికి సిద్ధమయ్యాను. మేడం వచ్చి ఆమెను తల కిందికి వంచమన్నారు. వంచగానే ఆ పక్క పళ్లన్నీ ఒక్కసారిగా నొప్పెట్టాయి. నొప్పి పంటిది కాదు, పైన బుగ్గ ఎముకలో ఉండే గాలిగదిది. సైనస్ అంటామే, అది. పైదవడ వెనక పళ్ల వేర్లు దాని అడుగుకు ఆనుకొనే ఉంటాయి. ఫిల్ము మీద రెండూ ఒకదాని మీద ఒకటి పడి, వేరు ఆ గదిలోకి దూరిందో, దాని ముందు నిలబడిందో తెలియదు. నేను నీడను చూసి రోగమనుకున్నాను. మేడం నన్ను కోప్పడలేదు. తెలియనప్పుడు చేతిలో పనిముట్టు పట్టుకోవద్దని మాత్రం అన్నారు.

చెన్నయ్య వచ్చింది ఆ మరుసటి ఏడాది. వేముల పక్క ఒక పల్లెలో గొర్రెలు కాచుకొనే ఇంటి పిల్లవాడు. జమ్మలమడుగు దారిలో జీపు మీద బాంబులు వేసిన కేసులో, బాంబుల సంచి మోశాడని పట్టుకున్నారు. అతనికి పద్దెనిమిది నిండాయో లేదో తేలాలి. నిండకపోతే కొన్నాళ్లు బాలుర హోముకు, నిండితే ఏళ్ల తరబడి జైలుకు. బడిలో చేర్చినప్పుడు అయ్యవారు ఏదో ఒక తేదీ వేశాడని, అది చెల్లదని కోర్టులో వాదన నడుస్తోంది. చేతి ఎముకల ఎక్స్‌రేలు పెద్దాసుపత్రిలో తీశారు. జ్ఞానదంతాలు చూసి చెప్పమని మా దగ్గరికి పంపారు. ఆ పంటి వేరు కొసలు సుమారు ఆ వయసు తర్వాతే మూసుకుంటాయి. అందుకని.

చెన్నయ్యను తీసుకొచ్చే ముందు రోజు అతని పార్టీ మనిషి ఒకతను వచ్చి, వాడు పిల్లోడని, పిల్లోడనే రాయమని మేడంను అడిగిపోయాడు. సాయంత్రం అవతలి పార్టీ మనిషి వచ్చాడు. అతను పెద్దవాడని రాయమంటాడని నేను అనుకున్నాను. అతను కూడా పిల్లోడనే రాయమన్నాడు. నాకు ఏమీ అర్థం కాలేదు. పిల్లవాడి మీద జాలి కాబోలని మేడంతో అన్నాను.

"జైల్లో ఉంటే వాళ్లకు దొరకడు. తొందరగా బయటికి వస్తేనే కదా చేతికి చిక్కేది," అన్నారు.

మరునాడు పోలీసులు అతన్ని తీసుకొచ్చారు. మూతి మీద నూగు మీసం, పెద్ద చేతులు. మిషన్ తిరుగుతుంటే భయపడి కళ్లు మూసుకున్నాడు. అతను ఆ గదిలో ఉండగా వాళ్లమ్మ ఓబులమ్మ మా గదిలోకి వచ్చి తలుపు పక్కన నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"తల్లీ, వాన్ని పెద్దోడని రాయి," అంది. "లోపల ఉంటే బతుకుతాడు. బయటికొస్తే వాళ్లన్నా సంపుతారు, ఈళ్లన్నా మళ్లా సంచి మోయిస్తారు."

మేడం మెల్లగా అడిగారు. "వాడు ఎప్పుడు పుట్టినాడో నీకు తెలుసా ఓబులమ్మా?"

"పాపాఘ్ని ఏరు పొంగి గొర్రెలు కొట్టుకపోయిన ఏడని మా అత్త అంటాది. కాదు, ఆ మరుసటేడని మా ఆయన అంటాండె. నాకు కాన్పు నొప్పులు గుర్తుండాయి తల్లీ. ఏడు గుర్తులేదు."

ఫిల్ము కడిగి తెచ్చాను. కింది దవడలో జ్ఞానదంతాలు అసలు లేవు. కొందరికి పుట్టుకతోనే ఉండవు. పైదవడలో రెండు ఉన్నాయి కానీ, వాటి వేర్ల కొసలు సైనస్ నీడలో కలిసిపోయాయి. పిల్లవాడికి జలుబు చేసి ఉన్నట్టుంది, ఒక పక్కంతా పాలు కలిపిన నీళ్లలా మసకగా ఉంది. మేడం కోణం మార్చి చిన్న ఫిల్ము మీద మళ్లీ తీయించారు. అది తడిగా ఉండగానే కిటికీ దగ్గర నిలబడి చూశారు. నా చేతికిచ్చారు. ఎడమ పక్క వేరు కొస ఇంకా మూసుకోలేదేమో అని నాకు అనిపించింది. అదే చెప్పాను.

"నాకూ ఒకసారి అట్లే కనపడింది," అన్నారు ఆమె. "ఇంకోసారి చూస్తే కనపడలేదు."

వేర్ల కొసలు సైనస్ నీడ వల్ల కనపడటం లేదని, ఈ పళ్లను బట్టి వయసు చెప్పలేమని రాసిచ్చారు. ఓబులమ్మకు ఆ మాట నోటితో కూడా చెప్పారు. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అంత పెద్ద మిషన్ ఉండి కూడా తెలియదా అన్నట్టు, ఆ గది వైపు అయోమయంగా చూసి వెళ్లిపోయింది.

తర్వాత తెలిసింది. వయసులో అనుమానం ఉన్నప్పుడు కోర్టు దాన్ని పిల్లవాడి పక్షానే లెక్కవేస్తుందట. చేతి ఎముకలు కూడా తేల్చి చెప్పలేదు. చెన్నయ్యను హోముకు పంపారు. రెండు పార్టీలూ మేడం తమ మాటే విన్నారనుకున్నాయి. ఇద్దరు మనుషులూ వేర్వేరుగా వచ్చి ఆమెకు దండం పెట్టి పోయారు. ఆమె లోపలికి వచ్చి కుళాయి తిప్పి, చేతులు కడుక్కుంటూ అట్లాగే నిలబడిపోయారు. అనుమానాన్ని కోర్టు ఎటు తిప్పుతుందో ఆమెకు ముందే తెలుసా అని నాకు అడగాలనిపించింది. తెలిసి రాశారా, తెలియక రాశారా, నిజంగానే కనపడలేదా. మూడింట్లో ఏది విన్నా ఆమె మీద నా గౌరవం తగ్గేది కాదు. అయినా అడగలేకపోయాను.

ఏళ్లు గడిచాయి. మేడంకు కంటిచూపు మందగించింది. పని అంతా నేనే చూసేదాన్ని. ఆమె ఉదయం పూట వచ్చి తన కుర్చీలో కూర్చొని పేషంట్లతో మాట్లాడేవారు. అలాంటి ఒక ఉదయం ఓబులమ్మ పంటినొప్పితో వచ్చింది. జుట్టు నెరిసింది. పని అయిపోయాక మేడం ముందుకు వెళ్లి, తాను ఫలానా అని చెప్పుకుంది. హోము నుంచి కొడుకు బయటికి వచ్చే లోపే గొర్రెలన్నీ అమ్మేసిందట. గేటు దగ్గరే కాచుకొని, వాన్ని ఇంటికి తీసుకుపోకుండా నేరుగా బళ్లారి బస్సెక్కించిందట. వాడు అక్కడే లారీ తోలుకుంటున్నాడు, పెళ్లి కూడా అయింది.

"తెలీదని రాసినందుకు నిన్ను శానా దినాలు తిట్టుకుంటి తల్లీ," అంది.

మేడం అడిగారు. "ఇప్పుడు?"

"ఇప్పుడూ తిట్టుకుంటాండా. బతికే ఉండాడు. కానీ వాళ్ల నాయన సచ్చిపోతే కూడా ఊర్లోకి రాలేకపాయ. నువ్వు మంచి చేసినావో చెడ్డ చేసినావో నాకు తెలీడంల్యా." అలా అంటూనే మేడం చేతిని రెండు చేతులతో పట్టుకొని కాసేపు వదల్లేదు.

ఆమె వెళ్లాక మేడం నన్ను పిలిచారు.

"సుజాతా, ఆ పొద్దు నేను రాసింది నిజమే కదా?"

నాకు చూడటం నేర్పిన మనిషి, తాను ఏం చూశారో నన్నడుగుతున్నారు. చూపు తగ్గిన ఆ కళ్లు నా ముఖం మీదే ఉన్నాయి. నేను ఆలోచించలేదు. నిజమే మేడం అన్నాను. ఆమె తలూపి, కుర్చీలో వెనక్కి వాలారు. ఆ విషయం మా మధ్య మళ్లీ రాలేదు. తర్వాతి ఎండాకాలంలో ఆమె పోయారు.

ఇప్పుడు నా దగ్గరున్న మిషన్ పైదవడను అన్ని వైపుల నుంచీ తిప్పి చూపిస్తుంది. వేరు ఎక్కడ ఆగిందో, సైనస్ ఎక్కడ మొదలైందో వెతుక్కోనక్కర్లేదు. అయినా ఏదైనా బొమ్మ చూసినప్పుడు నాకు తెలియకపోతే, పేషంటు ముందే తెలియడం లేదని చెప్తాను. నా దగ్గర పనిచేసే చిన్న డాక్టర్లు మొదట్లో దానికి సిగ్గుపడతారు. ఆ మాట అనగలగడం నాకు మేడం ఇచ్చింది. కానీ ఆ ఒక్క ఉదయం, ఆమె అడిగినప్పుడు మాత్రం, నేను తెలియదని అనలేదు. ఆ తడి ఫిల్ములో కొస నిజంగా తెరుచుకొని ఉందో, నాకు అలా తోచిందో ఇప్పటికీ చెప్పలేను. ఆమె మళ్లీ అడిగితే ఏమంటానో మాత్రం తెలుసు. నిజమే మేడం అంటాను.