చక్కెర తోలు

ఊళ్లకు ఊళ్లు ఫ్లూ జ్వరంతో పడుకున్న ఏడు, కొత్తకోట బస్టాండులో ఒక డాక్టరమ్మ నా పక్కన కూర్చుంది. నేను మా చర్చిలో సంఘపెద్దనని, ఆదివారం ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం ఉన్న ఒకే గిన్నెను అందరి నోటికీ అందిస్తానని చెప్పాను.

"గా ఫ్లూ వైరస్ పైనున్న ప్రొటీన్లకు మన ఒంట్ల చక్కెరలే అంటుకొని ఉంటయి. అందుకే ఒళ్లు దాన్ని జల్ది గుర్తుపట్టదు," అందామె.

"మా గొల్లోళ్లు చచ్చిన గొర్రెపిల్ల తోలును పరాయి పిల్లకు కప్పితే, తల్లిగొర్రె తన పిల్లే అనుకొని పాలిస్తది. గట్లనా అమ్మా?"

"గట్లనే. మరి అందరి నోళ్లు తగిలినంక గా గిన్నెల ఆఖరికి ఎవరు తాగుతరు?"

"మా అవ్వ."

ఆమె బస్సెక్కింది.

ఆదివారం ఒకే గిన్నె వద్దంటే తోటి పెద్దలు మండిపడ్డారు. "దేవుని గిన్నెకు రోగమా? నీకు విశ్వాసం తక్వైందా?"

"విశ్వాసం ఉన్నది. గిన్నె మాత్రం తిప్ప," అన్నాను.

ప్రార్థన చేసి, ఇళ్ల నుంచి తెప్పించిన గ్లాసుల్లో ఎవరికి వారికే విడిగా పోశాను. మొదట మా అవ్వకు పోశాను.